సున్నాను చూసి వణికిన అక్క

మొన్నొక రోజు ఫోనులో దారి చెప్పే ఆడగొంతు నన్ను నిలువునా బావిలోకి దింపబోయింది. జక్రాన్‌పల్లి దాటాక చుట్టాలింటికి అడ్డదారి ఉందన్నది. నేను నమ్మాను. "మీరు చేరవలసిన చోటు వచ్చింది" అని అది ఎంతో మర్యాదగా ప్రకటించిన చోట, నా బండి ముందు చక్రానికి జానెడు దూరంలో, గోడ కూడా లేని వ్యవసాయ బావి ఒకటి నోరు తెరుచుకుని ఉంది. లోపలున్న కప్ప తలెత్తి నా వంక చూసింది, నిన్ను కూడా ఫోనే పంపిందా అన్నట్టు.

నా కాళ్ళు వణికిన వణుక్కి బండి స్టాండు తనంతట తానే పడింది. ఆ వణుకులో నాకు ఒకామె గుర్తొచ్చింది. ఆమె అయితే ఈ దారిన వచ్చేదే కాదు. వచ్చినా మైలు ముందరే బండి ఆపించి, "తమ్మీ, దారి గింత మంచిగ ఉన్నదేంది? నాకెందుకో భయమైతుంది" అనేది.

ఆమె పేరు రాయను. రాస్తే అది అచ్చులో తప్పు పడుతుందేమోనని ఎక్కడున్నా ఆమెకు జ్వరం వస్తుంది. ఆఫీసులో అందరికీ ఆమె అక్క. నాకూ అక్కే.

రెండువేల దశకం నడుమ ఆర్మూరులో, పసుపు కొనే ఒక అడ్తి దుకాణం మీది అంతస్తులో మా ఆఫీసు ఉండేది. కింద పసుపు బస్తాలు దులిపితే పైన మాకు తుమ్ములు. కంప్యూటర్ల మీటలన్నీ నలుగు పెట్టిన పెళ్ళికూతుళ్ళలాగా ఉండేవి. ఏ అక్షరం ఎక్కడుందో వేలితో గీకి చూసుకుని కొట్టాలి. అలాంటి చోట కూర్చుని మేము చేసే పని మాత్రం ఆకాశానికి సంబంధించింది. శాటిలైటు తీసిన ఫోటో మీద ఊళ్ళూ రోడ్లూ వాగులూ ఇళ్ళూ గీతలుగా గీసి, ఆ పటాన్ని ఇంటర్నెట్టులో పెట్టడం. ఊరి బయటినుంచి కొత్త రోడ్డు ఒకటి పడబోతోంది. పటంలో దాని దారి రోడ్డువాళ్ళు గీసిచ్చిన ఎర్రగీత. ఆ గీత కింద ఏ ఇళ్ళు వస్తాయో ఆ పటమే చెప్పాలి.

ఈ పనిలో ఒక చిక్కుంది. ఫోటోకు తాను ఎక్కడి ఫోటోనో తెలియదు. దాన్ని తెచ్చి నేలకు అతికించాలి. అందుకోసం మా వాళ్ళు చేతిలో ఇమిడే ఒక జీపీఎస్ యంత్రం పట్టుకుని పొలాల వెంట తిరిగి, ఇక్కడొక గుర్తు, అక్కడొక గుర్తు కొలుచుకుని వచ్చేవారు. ఆ గుర్తునే ఫోటోలో వెతికి రెంటినీ కలిపితే, ఒక మేకు కొట్టినట్టు. మేమూ వాటిని మేకులనే అనేవాళ్ళం. నాలుగు మూలలా మేకులు పడితే ఫోటో తన చోట తాను కూర్చుంటుంది. ఎంత సరిగ్గా కూర్చుందో కంప్యూటరు లెక్కగట్టి, తప్పు ఇంత అని ఒక అంకె చూపిస్తుంది.

మా సారుకు ఆ అంకె సున్నా ఉంటే ప్రాణం లేచొచ్చేది. సున్నా తెచ్చినవాడికి సందు చివరి బండి నుంచి వేడివేడి మిర్చీ బజ్జీలు తెప్పించడం మా ఆఫీసు ఆచారం. ఆ మిర్చీ వాసనకు కింద హమాలీలు కూడా మూట దించి ఒకసారి పైకి చూసేవారు. ఇక చూసుకోండి, ఆర్మూరు చుట్టుపక్కల భూగోళం మీద తప్పన్నదే లేకుండా పోయింది. పొద్దున సున్నా, మధ్యాహ్నం సున్నా, సాయంత్రం అజీర్తి.

అక్క ఒక్కతే సున్నా కనబడితే కుర్చీ వెనక్కి జరుపుకునేది.

ఆమె పని తప్పులు వెతకడం. ఆమె మౌసు పట్టుకునే తీరు చూసి తీరాలి. పడుకున్న తేలును నిద్ర చెడకుండా పక్కకు జరుపుతున్నట్టు ఉండేది. మీట నొక్కే ముందు ఊపిరి బిగబట్టేది. ఆ బిగబట్టిన ఊపిరి ఎంతసేపటికీ బయటికి రాకపోతే మేమే భయపడి ఫ్యాను పెంచేవాళ్ళం. మార్పులు దాచమంటావా వద్దంటావా అని అడిగే చిన్న డబ్బా తెర మీదికి వస్తే చాలు, ఆఫీసు మొత్తం లేచి ఆమె వెనక నిలబడాల్సిందే.

"అవునంటే తప్పును దాసిపెడతది. కాదంటే ఒప్పు గూడ పోతది. ఏం జెయ్యాల్నో మీరే చెప్పుర్రి."

"అవునను అక్కా."

"నువ్వు గింత జల్ది చెప్పినవంటే నాకు నమ్మకం లేదు."

అందుకే ఆమె ఏదీ చెరిపేది కాదు. ఒకే పటానికి కాపీ మీద కాపీ తీసి పేర్లు పెట్టేది. 'ఫైనల్'. దాని పక్కన 'గిదే ఫైనల్'. దాని కింద 'గిదే ఫైనల్ ఒట్టు'. అన్నిటికన్నా చివర 'దేవుడా గిదే'. ఆదివారం చర్చిలో కూడా తలుపుకు దగ్గరి బెంచీ మీదే కూర్చునేదట, ఏమైనా అయితే ముందు బయటపడొచ్చని.

ఇంటర్నెట్టులో పటం తెరుచుకోవడమంటే ఆ రోజుల్లో మాటలు కాదు. గడి తర్వాత గడి, ఆలోచించి ఆలోచించి వచ్చేది. ఒక టీ తాగేలోపు ఒక వాగు, రెండో టీకి ఒక చెరువు. అంతసేపూ అక్క చున్నీ అంచుతో కళ్ళు కప్పుకుని కూర్చునేది.

"వచ్చిందా?"

"వచ్చిందక్కా."

"వచ్చుడు గాదు తమ్మీ. ఏడికొచ్చింది?"

మేము నవ్వేవాళ్ళం. ఆ ప్రశ్నలో నవ్వడానికి ఏమీ లేదని ఒకనాటి పొద్దున తెలిసింది.

ఆ పొద్దున ఆర్మూరు మాయమైంది. పటం తెరిస్తే ఊరు లేదు. మార్కెట్ యార్డు లేదు, నల్లరాళ్ళ గుట్ట లేదు, బస్టాండు లేదు. తెల్లటి తెర మాత్రం ఉంది. సారు హైదరాబాదు నుంచి ఫోను చేసి అరిచిన అరుపుకు రిసీవరు లోపలి పసుపు రాలింది.

"ఊరేదిరా? ఊరంత ఊరు ఏడ వోయింది?"

నాకు నిజంగానే కిటికీలోంచి తొంగి చూడాలనిపించింది, ఊరు ఉందో లేదోనని. చూశాను కూడా. ఉంది. ఎడ్లబండి ఒకటి పోతోంది. కొంచెం ధైర్యం వచ్చింది.

అక్క మెల్లగా పటాన్ని వెనక్కి లాగడం మొదలుపెట్టింది. జిల్లా వచ్చింది, అందులో మేము లేము. దేశం వచ్చింది, అందులోనూ లేము. చివరికి భూగోళమంతా తెర మీద పరుచుకున్నాక, దాని నడినెత్తిన, ఉత్తర ధ్రువం పక్కన మంచు దీవుల్లో, చీమ తలంత ఎర్రటి చుక్క కనబడింది. అదే మేము. అడ్డం కొలత నిలువు గడిలోనూ, నిలువు కొలత అడ్డం గడిలోనూ ఎవరో ఎక్కించారు. దాంతో మండలం మొత్తం పిల్లాజెల్లాతో మంచులోకి వెళ్ళిపోయింది.

ఆఫీసు విరగబడి నవ్వింది. యార్డులో పసుపు రాశుల మీద మంచు కురుస్తున్నట్టూ, హమాలీలు మంకీ టోపీలతో బస్తాలు మోస్తున్నట్టూ, తెల్ల ఎలుగుబంటి ఒకటి వేలంపాటలో ధర పెంచుతున్నట్టూ నేను వర్ణించి వర్ణించి చెప్పాను. అక్క గడులు సరిచేసింది. ఊరు వెనక్కి వచ్చింది. ఆమె కూడా కొంచెం నవ్వింది. తర్వాత మెల్లగా అంది:

"గింత పెద్ద తప్పుకు నేను భయపడ తమ్మీ. గది తనంతట తనే ఒర్రుతది. నా భయమంత చిన్న తప్పుకే. గది సప్పుడు చెయ్యది."

ఆ చిన్న తప్పు మా మెట్లెక్కి వచ్చినరోజు నాకు బాగా గుర్తు. గంగామణి రూపంలో వచ్చింది.

గంగామణిది అంకాపూర్ వైపు, ఊరి చివరి వాడకట్టు. బీడీలు చేస్తుంది. భర్త దుబాయిలో. చంకలో తునికాకు చాట పెట్టుకుని వచ్చి గుమ్మంలోనే కూలబడింది. కూర్చోగానే వేళ్ళు వాటంతట అవే బీడీ చుట్టడం మొదలుపెట్టాయి. ఆమె మాత్రం మా కంప్యూటర్ల వంక, పులులున్న బోనుల వంక చూసినట్టు చూస్తోంది.

"అన్నా, గీడ ఇండ్లు సూపిస్తరట గదా. మా ఇంటి మీదికెల్లి ఎర్రగీత పోయిందని మా వాడకట్టుల అంటున్నరు. జర సూపియ్యి."

నేను చూపించాను. గడి తర్వాత గడి వచ్చింది. మొదట పొలం, తర్వాత బాట, తర్వాత వాడకట్టు. చివరి గడితోపాటు ఎర్రగీత కూడా వచ్చి, వాడకట్టు చివరింటి నడినెత్తి మీదుగా సాఫీగా వెళ్ళిపోయింది.

చుడుతున్న బీడీ ఆగింది.

"గిదేనా మా ఇల్లు? గింతేనా?"

"పైనుంచి జూస్తే గంతే కనవడతది చెల్లె."

"పైనుంచి జూసినోళ్ళు మస్తుమంది ఉన్నరు. కిందికెల్లి జూసినోళ్ళు ఎవలన్న ఉన్నరా?"

గంగామణి అక్క వైపు తిరిగింది. ఆఫీసులో ఆడమనిషి ఆమె ఒక్కతే.

"అక్కా, మొన్ననే స్లాబు పోసినం. ఇంక పచ్చిగనే ఉన్నది. పొద్దుమాపు నీళ్ళు గొడుతున్న. మా ఆయన ఫోన్ల అడుగుతుండు, మంచిగ తడుపుతున్నవా అని. నేనేం చెప్పాలె? ఇల్లే పోతదంటే ఇగ నీళ్ళెందుకు? గది ఒక్కటి చెప్పు. నీళ్ళు గొట్టాల్నా, వద్దా?"

అక్క మొహం సున్నం కొట్టినట్టయింది. నాకు తెలుసు, అవునా కాదా అని అడిగే డబ్బాకే ఆమె జవాబు చెప్పలేదు. ఇక్కడ అడుగుతున్నది మనిషి.

"కొట్టు," అంది అక్క.

గంగామణి లేచి వెళ్ళిపోయింది. అక్క నావైపు తిరిగింది. "తమ్మీ, నేను ఏం జూసుకోని కొట్టుమన్న?"

వచ్చే సోమవారం రోడ్డు పనుల పెద్ద ఇంజినీరు వస్తాడు. ఆ పటం తీసుకుపోతాడు. గీత కింద పడ్డ ఇళ్ళకు నోటీసులు పోతాయి. ఆ తర్వాత పటం తప్పని మొత్తుకున్నా వినేవాడుండడు. అక్క ఆ వాడకట్టున్న పటం షీటు తెరిచి, కింద తప్పు అంకె చూసింది. సున్నా. చుక్క తర్వాత కూడా అన్నీ సున్నాలే, ముత్యాలు గుచ్చినట్టు. ఆమె కుర్చీ ఎంత వెనక్కి జరిగిందంటే గోడకు తగిలి సున్నం రాలింది.

ఆ షీటు చేసింది సాయిలు. మిర్చీల మీద బతికే మనిషి.

"సాయిలూ, ఎన్ని మేకులు గొట్టినవ్?"

"నాలుగక్కా."

"మరి మూడే ఉన్నయేంది?"

"నాలుగోది తగువు వెడుతుండె. పీకేసిన. పీకంగనే సున్నా వచ్చింది, జూడు."

"పీకేసింది ఏది?"

"వాటర్ ట్యాంకు."

అక్క సాయిలు వైపు కుర్చీ తిప్పింది. "ట్యాంకుకు నీ మీద ఏం పగరా? గది కట్టిన కాన్నుంచి ఆన్నే నిలవడ్డది. గది తగువు వెట్టుకుందంటే, తప్పు ఎవలది?"

మాకెవరికీ అంతవరకూ తట్టనిది అదే. మూడు కాళ్ళ పీట ఎక్కడ వేసినా ఊగదు. మిట్టలో వేసినా ఊగదు, గుంటలో వేసినా ఊగదు. మూడు మేకులతో ఎప్పుడైనా సున్నాయే వస్తుంది, మేకు ఎక్కడ కొట్టినా సరే. నిజం చెప్పే నాలుగోదాన్ని పీకి పారేసి మేము ఇన్నాళ్ళూ మిర్చీలు తిన్నాం.

మిగిలిన మూడు మేకుల్లో ఏది దొంగదో తెలియాలంటే పోయి చూడాలి. మర్నాడు పొద్దున నా స్కూటరు మీద బయల్దేరాం. అక్క జీపీఎస్ యంత్రాన్ని తువాలలో చుట్టి, పసిబిడ్డలా గుండెలకు హత్తుకుని కూర్చుంది. "మెల్లగ" అంది. మెల్లగా పోనిచ్చాను. "ఇంక మెల్లగ" అంది. మమ్మల్ని పసుపు బస్తాల ఎడ్లబండి దాటిపోయింది. తర్వాత ఒక ముసలాయన నడిచి దాటిపోతూ, బండి చెడిపోయిందనుకుని పాపం తొయ్యడానికి వచ్చాడు. కుక్క కనబడితే ఆపమనేది. కుక్క కనబడకపోతే, ఎక్కడ దాక్కుందోనని ఆపమనేది.

మొదటి మేకు బాట మలుపు. ఉంది. రెండోది కాలవ మీది మోరీ, అంటే చిన్న వంతెన. ఉంది. మూడోది పసుపు కల్లం మూల.

ఆ దిక్కున అన్నీ చదును పొలాలు. ఉడికించిన పసుపు ఆరబోసిన కల్లాలు మాత్రం ఆకాశం నుంచి చూసినా పసుపుపచ్చగా, నలుచదరంగా మెరుస్తాయి. మా వాళ్ళకు అంతకన్నా మంచి గుర్తు ఏం దొరుకుతుంది? ఆ కల్లం మూల కొలుచుకొచ్చారు. సాయిలు ఫోటోలో ఆ చోట పసుపుపచ్చ చదరం వెతికాడు. ఉంది. మేకు కొట్టాడు.

పసుపు కొమ్ములు డ్రమ్ములో వేసి తిప్పుతున్న రైతు దగ్గరికి పోయి అక్క అడిగింది.

"పటేలా, గీ కల్లం నిరుడు గూడ గీన్నే ఉండెనా?"

ఆయన డ్రమ్ము ఆపి, ఈమెకు ఎండదెబ్బ తగిలిందేమోనని నావైపు చూశాడు.

"నిరుడు గీడెట్లుంటదమ్మా? నిరుడు పసుపు ఆ పొలం చెక్కల వెట్టినం, ఆ పక్కపొంటే ఎండవోసినం. ఈసారి ఈ చెక్క. పసుపు ఏటేటా ఒక్క జాగల వెడతరా? ఎందుకమ్మా, కల్లం ఏమన్న తప్పు జేసిందా?"

మా దగ్గరున్న ఫోటో నిరుటిది. కొలిచిన కల్లం ఈ ఏటిది. రెండూ పసుపుపచ్చే, రెండూ చదరమే, నడుమ మాత్రం ఒక పొలం దూరం. ఆ మేకుతో పాటు ఫోటోలో ఆ మూలనున్న ఇళ్ళన్నీ చాప లాగినట్టు పక్కకు జరిగి, పోయి ఎర్రగీత కింద పడ్డాయి. గీత దాని చోట అది ఉంది. ఇళ్ళే నడిచాయి.

అక్క ఆరబోసిన పసుపు మీదే కూలబడిపోయింది.

"తమ్మీ, మనం మనుషుల ఇండ్లను దీసుకపొయ్యి పసుపు కొమ్ములకు కట్టేసినం."

తిరుగుదారిలో ఆమె కుక్కల్ని కూడా పట్టించుకోలేదు. నాకు అసలైన భయం అప్పుడు పట్టుకుంది. అక్క "మెల్లగ" అనడం లేదు.

ఆఫీసుకొచ్చి ఆమె కల్లం మేకు పీకేసి, వాటర్ ట్యాంకును తిరిగి కొట్టింది. గుట్ట అంచున పొడుచుకొచ్చిన నల్లబండ ఒకటి దారిలో కొలుచుకుని వచ్చాం, దాన్నీ కొట్టింది. "బండ జరగది" అంది. మేకులన్నీ కొంచెం కొంచెం గొణుక్కున్నాయిగానీ తగువు పడలేదు. తప్పు అంకె సున్నా రాలేదు. ఒక గదంత తప్పు ఉందని వచ్చింది. ఇళ్ళు వెనక్కి నడిచి గీత కిందినుంచి బయటపడ్డాయి, ఒక్కటి తప్ప. గంగామణి ఇల్లు గీత అంచు పక్కనే ఆగింది. ఇంటి గోడకూ గీతకూ నడుమ ఎంత ఎడముందో, పటంలో తప్పు కూడా సరిగ్గా అంతే.

"ఉన్నదా, పోయిందా?" అన్నాను.

"గీ పటానికి తెల్వది తమ్మీ. తెల్వదని గూడ దానికి తెల్వది."

సోమవారం పెద్ద ఇంజినీరు వచ్చాడు. నిండైన మనిషి. ఆయన కూర్చుంటే మా కుర్చీ దేవుణ్ణి తలుచుకుంది. సారు ఇస్త్రీ చొక్కాలో మెరిసిపోతూ పక్కన నిలబడ్డాడు. మిర్చీలు ముందే తెప్పించి పెట్టాడు.

"చెప్పమ్మా, ఎంతొచ్చింది?" అన్నాడు సారు, సున్నా అనే మాట కోసం చెవి ముందుకు పెట్టి.

"సున్నా రాలేదు సార్."

సారు నవ్వు మొహం మీదే ఎండిపోయింది. "పోయిన వారం సున్నా ఉండె గదా!"

"పోయిన వారం తప్పుండె సార్. అందుకే సున్నా ఉండె."

"అందరి ముందర ఏం మాట్లాడుతున్నవ్? నౌకరీ ఉండాల్నా, వద్దా?"

అక్క మేజా అంచు పట్టుకుంది. మేజా మీది టీ కప్పులన్నీ సాసర్లలో గలగలమన్నాయి. ఆ గలగలలోంచే ఆమె గొంతు వచ్చింది.

"నాకు మిమ్ముల జూస్తే భయమే సార్. గీ పెద్దసార్‌ను జూస్తే ఇంక ఎక్కువ భయం. నౌకరీ పోతదంటే రాత్రి అన్నం గూడ దిగది. గని గా షీటును జూస్తే నాకు గివన్నిటికన్న ఎక్కువ భయమైతుంది. గా మూలను నేను ఒప్పుకోను. మనిషి పోవాలె, నేల మీద కొలవాలె. పటం తోని ఆ ఇల్లు తీసేయొద్దు."

నేను గోడ వైపు చూస్తూ నిలబడ్డాను. సారు మొహం చూసే ధైర్యం నాకు లేదు. ఇప్పుడు ఆకాశం విరిగి మీద పడుతుంది, శాటిలైటుతో సహా, అనుకున్నాను.

పెద్ద ఇంజినీరు ఒక మిర్చీ తీసుకున్నాడు. సగం కొరికాడు. "సరే, కొలిపిద్దాం" అన్నాడు. మిగతా సగం కూడా తిని వెళ్ళిపోయాడు.

అంతే. మేమంతా ఊపిరి వదిలాం. అక్క మాత్రం నా చొక్కా పట్టుకుని గుంజింది. "తమ్మీ, గింత జల్ది ఒప్పుకున్నడేంది? కొలిస్తే ఇల్లు పోతదని ఆయనకు ముందే తెలుసా ఏంది?"

కొలిచేరోజు వాడకట్టంతా గంగామణి ఇంటి వెనక పోగైంది. మూడు కాళ్ళ స్టాండు మీద దూరాలు కొలిచే యంత్రాన్ని నిలిపి ఒకాయన ఒక కన్ను మూసి చూస్తున్నాడు. దూరంగా మరొకాయన కర్ర పట్టుకుని నిలబడ్డాడు. కర్ర ఎక్కడ ఆగితే రోడ్డు అంచు అక్కడ. ఇద్దరి నడుమ గంగామణి ఇల్లు, తడి స్లాబు మీంచి నీళ్ళు కారుస్తూ, తన సంగతే మాట్లాడుకుంటున్నారని తెలిసిన పిల్లలాగా నిలబడి ఉంది. గంగామణి చేతిలో చాట లేదు. అలవాటుపడ్డ వేళ్ళు ఉత్త గాలినే చుడుతున్నాయి.

అక్క రానంటే రానన్నది. వచ్చింది. వచ్చి, అందరికీ వీపు చేసి పక్కింటి గోడకు మొహం పెట్టి నిలబడింది.

"ఏమైతుంది తమ్మీ?"

"కర్ర జరుపుతున్నరక్కా."

"ఇంటి దిక్కా, అవుతల దిక్కా?"

"ఇంటి దిక్కే."

అక్క నుదురు గోడకు ఆనించింది. కర్ర ఇంకొంచెం ఇంటి వైపు జరిగింది. యంత్రం దగ్గరాయన చెయ్యి ఊపాడు, ఇంకా అని. ఇంకొంచెం జరిగింది. జనంలో ఎవరో ముసలమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. గంగామణి వెళ్ళి ఇంటి వెనక గోడకు వీపు ఆనించి, రెండు చేతులూ చాపి నిలబడింది. ఎందుకో ఆమెకే తెలియదు. ఇల్లు తన వెనక దాక్కున్నట్టు. కర్ర ఆమె మీదికే వస్తోంది. జాలారు దగ్గరికి, అంటే బయట స్నానానికి వేసుకున్న బండ దగ్గరికి వచ్చింది. బండ ఎక్కింది. బండ దిగింది.

"ఆపు" అన్నాడు యంత్రం దగ్గరాయన.

అక్కడే గుంట తవ్వి రాయి పాతారు. రాయికి అవతల జాలారు. ఇవతల గంగామణి, ఆమె వెనక గోడ. రాయికీ గంగామణి కాలికీ నడుమ ఒక బిందె పట్టేంత జాగా ఉంది.

"ఇల్లు రోడ్డుకు రాదు. జాలారు వరకే పోతది," అని చెప్పి ఆయన యంత్రం విప్పుకోవడం మొదలుపెట్టాడు.

"పోనీ! జాలారు పోనీ!" అని గంగామణి అరిచిన అరుపుకు దూరంగా పొలంలో కొంగలు లేచాయి. వాడకట్టు ఆడవాళ్ళు నవ్వారు, ఏడ్చారు, మళ్ళీ నవ్వారు. కర్ర పట్టుకున్నాయనకు ఎవరో మంచినీళ్ళు ఇచ్చారు. ఆయన తాగకుండా నెత్తిన పోసుకున్నాడు. ఆయనకూ చెమటలు పట్టాయి పాపం.

అక్క ఇంకా గోడ వైపే ఉంది.

"అయిపోయిందక్కా. ఇల్లు మిగిలింది."

"నిజంగ జూసినవా? నీ కండ్లతోని?"

"జూసిన."

ఆమె తిరగలేదు. నన్ను నమ్మిందో లేదో కూడా చెప్పలేను. అప్పుడు గంగామణి జనాన్ని తోసుకుంటూ వచ్చి ఆమెను భుజం పట్టి తిప్పింది. అక్క రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. తీసుకున్నదల్లా ఉలిక్కిపడింది.

"ఓ అక్కా! పోయేటిది నా ఇల్లు గదా. నీ చేతులేంది, గిట్ల మంచుగడ్డలైనయి?"

అక్క మాట్లాడబోయింది. పళ్ళు టకటకమన్నాయిగానీ మాట రాలేదు. గంగామణి, తునికాకు చుట్టి చుట్టి మొద్దుబారిన వేళ్ళతో, ఆ చేతుల్ని గట్టిగా రుద్దడం మొదలుపెట్టింది.

"భయపడకు. నేనున్న గదా," అంది.